బయట ఫ్యాక్టరీ కడితే ఇంట్లో ఎవరి ఉద్యోగం పోయింది? ఉల్సాన్ నుంచి పెనుకొండ దాకా ఒక కేస్ స్టడీ

కార్ల కంపెనీ విదేశంలో ఫ్యాక్టరీ పెడితే సొంత దేశంలో ఉద్యోగాలు పోతాయా? పోతాయని యూనియన్లు అంటాయి, పోవని కంపెనీలు అంటాయి, ఇద్దరి దగ్గరా లెక్కలు ఉంటాయి. పెనుకొండ చుట్టుపక్కల కొరియన్ కార్లకు విడిభాగాలు సప్లై చేసే వెండర్ల దగ్గర లోకలైజేషన్ పని చూస్తుంటాను నేను. కొరియా నుంచి ఓడలో వస్తున్న పార్ట్‌ను ఇక్కడే తయారు చేయించడం ఆ పని. ఒక దేశంలో ఆర్డరు ఆగి ఇంకో దేశంలో మొదలయ్యేది మా టేబుల్ మీదే కాబట్టి, ఈ ప్రశ్నకు నేను చూసిన జవాబు రాసి పెట్టాలనిపించింది.

జవాబు ముందే చెప్పేస్తాను. కొరియాలో అసెంబ్లీ లైన్ మీద అప్పటికే పనిచేస్తున్నవాళ్ల ఉద్యోగాలు పోలేదు. ఇంకా ఉద్యోగంలో చేరనివాళ్లు, కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు, కార్ల కంపెనీకి నేరుగా కాక పెద్ద వెండర్లకు పార్టులిచ్చే రెండో మెట్టు చిన్న వెండర్ల దగ్గర పనిచేసేవాళ్లు ఆ భారం మోశారు. వాళ్లెవరూ కంపెనీతో చర్చలు జరిగే గదిలో లేరు.

ఈ కేసే ఎందుకు

ఈ చర్చ వస్తే అందరూ డెట్రాయిట్ పేరు ఎత్తుతారు. అక్కడ జపాన్ పోటీ, మెక్సికో ఫ్యాక్టరీలు, రోబోలు, కంపెనీల సొంత నిర్ణయాలు అన్నీ కలగలిసిపోయి ఉంటాయి. ఏ ఉద్యోగం దేనివల్ల పోయిందో విడదీసి చెప్పడం కష్టం. హ్యుందాయ్, కియా కలిసిన గ్రూపు విషయంలో ఆ విడదీత కొంత సాధ్యం. ముప్పై ఏళ్లలోనే వరసగా విదేశీ ఫ్యాక్టరీలు కట్టిన గ్రూపు ఇది. ఇంటి దగ్గర గట్టి యూనియన్ ఉంది. విదేశీ ఫ్యాక్టరీల గురించి కాగితం మీద సంతకాలు పెట్టుకున్న ఒప్పందం ఉంది. పైగా ఆ గొలుసులో ఒక కొస మన రాయలసీమలో ఉంది.

ఉల్సాన్ గురించి కాస్త చెప్పాలి. కొరియా ఆగ్నేయ తీరంలో 1968లో మొదలైన హ్యుందాయ్ ఫ్యాక్టరీ అది. దాదాపు 5 చదరపు కిలోమీటర్ల ఆవరణ, అందులో ఐదు కార్ల ఫ్యాక్టరీలు, కార్లను నేరుగా ఓడ ఎక్కించే సొంత రేవు. ఏడాదికి సుమారు 14 లక్షల కార్లు చేయగలదు. 30 వేలకు పైగా ఉద్యోగులు. ఒకే చోట ఉన్న కార్ల ఫ్యాక్టరీల్లో ప్రపంచంలోనే పెద్దదంటారు. ఆ ఊళ్లో తండ్రి హ్యుందాయ్‌లో రిటైరైతే కొడుకూ అక్కడే చేరాలనుకోవడం మామూలు విషయం.

బయటి ప్రయాణం మొదట్లో కలిసిరాలేదు. కెనడాలోని బ్రోమాంట్‌లో 1989లో తెరిచిన ఫ్యాక్టరీని 1993లోనే మూసేశారు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1996లో అడుగు పెట్టి, 1998లో శాంత్రోతో నిలదొక్కుకున్నారు. ఆ తర్వాత ఇక ఆగలేదు. 2002లో బీజింగ్, 2005లో అమెరికాలోని అలబామా, 2006లో స్లొవేకియాలో కియా, 2008లో చెక్ రిపబ్లిక్, 2009లో అమెరికాలోని జార్జియాలో కియా, ఆపైన రష్యా, బ్రెజిల్, మెక్సికో. 2019లో పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా. 2010 నాటికే హ్యుందాయ్ విదేశాల్లో చేసే కార్లు కొరియాలో చేసేవాటిని దాటిపోయాయి. సొంత దేశంలో మాత్రం 1996 నాటి ఆసాన్ ఫ్యాక్టరీ తర్వాత, 2023 నవంబర్‌లో ఉల్సాన్‌లో ఎలక్ట్రిక్ కార్ల ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగేదాకా, హ్యుందాయ్ కొత్త కార్ల ఫ్యాక్టరీ ఒక్కటీ మొదలుపెట్టలేదు.

భయం ఎక్కడ పుట్టింది

1997 చివర్లో ఆసియా ఆర్థిక సంక్షోభం కొరియాను తాకింది. ఐఎంఎఫ్ అప్పు షరతుల్లో ఉద్యోగులను తీసేయడం తేలికయ్యేలా చట్టం మారింది. 1998 వేసవిలో హ్యుందాయ్ వేలమందిని తీసేస్తానంటే ఉల్సాన్‌లో కార్మికులు 36 రోజులు సమ్మె చేసి, కుటుంబాలతో సహా ఫ్యాక్టరీ ఆవరణలోనే ఉండిపోయారు. చివరికి రాజీలో తీసేసింది 277 మందిని. అందులో సగానికి పైగా క్యాంటీన్‌లో వంట చేసే ఆడవాళ్లు. సమ్మెలో అందరికీ అన్నం వండి పెట్టినవాళ్లనే ముందు బయటికి పంపారు.

ఈ సంగతిని వదిలేసి తర్వాతి కథ చదివితే అర్థం కాదు. బేరం చివర్లో ఎవరి గొంతు చిన్నదో వాళ్ల మీదే దెబ్బ పడడం అక్కడ అప్పుడే మొదలైంది.

2003లో అలబామా ఫ్యాక్టరీ పనులు నడుస్తుండగా జీతాల చర్చలు వచ్చాయి. యూనియన్ ఆ ఏడాది జీతంతో పాటు విదేశీ ఫ్యాక్టరీల సంగతి కూడా తేల్చాలని పట్టుబట్టింది. వేసవిలో నెలన్నర పాటు సమ్మెలు సాగాక ఒప్పందం కుదిరింది. దాని సారాంశం ఇది: విదేశాల్లో ఫ్యాక్టరీ కట్టామన్న కారణంతో, యూనియన్‌తో కలిసి నిర్ణయించకుండా ఇక్కడ ఎవరినీ తీసేయకూడదు. దేశంలో ఉత్పత్తిని తగ్గించకూడదు. అమ్మకాలు పడిపోయి ఏదో ఒక ఫ్యాక్టరీ మూయక తప్పని పరిస్థితి వస్తే ముందు విదేశాల్లోది మూయాలి.

మన వైపు నుంచి ఆ చివరి వాక్యం ఇంకోసారి చదవండి. అది హ్యుందాయ్ ఒప్పందం. కియాకు వేరే యూనియన్, వేరే ఒప్పందం ఉన్నాయి. అయినా కొరియన్ కార్ల కంపెనీల్లో పాతుకుపోయిన ఆలోచన అదే. కష్టకాలం వస్తే ముందు మూతపడేది చెన్నై లాంటివి, ఎర్రమంచి లాంటివి.

అన్ని ఫ్యాక్టరీలూ ఒకటి కావు

విదేశీ ఫ్యాక్టరీ అనగానే ఇంటి పని బయటికి పోయిందని లెక్కేస్తే తప్పు. ఎందుకు కట్టారన్నది ముందు చూడాలి.

చెన్నై, పెనుకొండ సుంకం గోడ వెనకాల కట్టినవి. 2019లో కియా సెల్టోస్ లాంటి కారును పూర్తిగా తయారు చేసి కొరియా నుంచి ఇక్కడికి తెస్తే, దాని మీద కస్టమ్స్ సుంకమే 60 శాతం. ఆ ధరకు అనంతపురంలో కాదు కదా, హైదరాబాద్‌లో కూడా కొనేవాళ్లు దొరకరు. కాబట్టి ఎర్రమంచిలో తయారై ఇక్కడే అమ్ముడయ్యే ప్రతి సెల్టోసూ కొరియాలో ఎప్పటికీ తయారయ్యేది కాదు. కొరియాలోని గ్వాంగ్జు ఫ్యాక్టరీ తన సెల్టోస్‌ను తను చేసుకుంటూనే ఉంది, అమెరికాకు ఎగుమతి చేస్తూనే ఉంది. ఇక్కడి లైన్ అక్కడి లైన్ పొట్ట కొట్టలేదు.

అమెరికా కథ వేరు. అక్కడ చాలా ఏళ్లు కొరియా కార్లకు పెద్ద సుంకం లేదు. కొరియాలో చేసి పంపినా గిట్టుబాటయ్యేది, పంపుతున్నారు కూడా. 2024లో హ్యుందాయ్, కియా అమెరికాలో 17 లక్షల కార్లు అమ్మితే, అందులో 10 లక్షల దాకా కొరియా నుంచి వెళ్లినవే. ఇలాంటి చోట అక్కడ కొత్త లైన్ వేస్తే ఇక్కడి ఎగుమతిలోంచి కోసుకోవాల్సిందే.

మూడో రకం కూడా ఉంది. చవకగా బయట చేయించి తిరిగి సొంత దేశానికే తెచ్చుకునే ఫ్యాక్టరీ. కార్మికులు అన్నిటికంటే భయపడేది దీనికే. యూనియన్ ఒప్పుకోకుండా బయట చేసిన కారును వెనక్కి తెచ్చి అమ్మడం హ్యుందాయ్‌లో సాధ్యపడే పని కాదు. ఈ ఒక్క తలుపు గట్టిగా మూసి ఉంచడం ఆ యూనియన్ సాధించిన పెద్ద విషయమని నా అభిప్రాయం.

లెక్క ఏం చెప్పింది

కొరియా దేశం మొత్తంలో కార్ల ఉత్పత్తి 2011లో 46 లక్షలు దాటింది. 2024లో 41 లక్షల పైచిలుకు. తగ్గిందన్నది నిజమే. ఆ తగ్గుదలలో అందరికంటే గట్టి దెబ్బ తిన్న ఊరు గున్సాన్. అది హ్యుందాయ్ ఊరు కాదు, జనరల్ మోటార్స్ ఊరు. యూరప్ నుంచి షెవర్లే బ్రాండ్‌ను ఆ కంపెనీ వెనక్కి తీసుకోవడంతో గున్సాన్ ఎగుమతులు ఎండిపోయాయి. 2018 మే నెలాఖరుకు ఫ్యాక్టరీ మూసేశారు. దాదాపు 2 వేలమంది ఉద్యోగులు. అంతకు ముందు ఏడాదే ఆ ఊరి ఓడల తయారీ యార్డు కూడా ఆగిపోయింది. పరాయి కంపెనీకి గున్సాన్ కూడా విదేశీ ఫ్యాక్టరీయే కదా. తమిళనాడులోని మరైమలై నగర్ ఫోర్డ్ ఫ్యాక్టరీ 2022లో ఆగిపోయినప్పుడు జరిగింది కూడా ఇదే. సెప్టెంబర్ 2021లో నిర్ణయం అమెరికాలో జరిగింది, దేశంలోని ఫోర్డ్ ఫ్యాక్టరీలన్నీ కలిపి దాదాపు 4 వేలమంది ఉద్యోగులకు టెన్షన్ ఇక్కడ మొదలైంది.

హ్యుందాయ్ విషయానికొస్తే ఉల్సాన్‌లో ఐదు ఫ్యాక్టరీల్లో ఒక్కటీ మూతపడలేదు. మూతపడ్డవి, అమ్ముడైనవి బయటివే. కొరియాలో అమెరికా క్షిపణి రక్షణ వ్యవస్థ పెట్టడం మీద చైనాతో వచ్చిన గొడవ తర్వాత అక్కడ అమ్మకాలు కుప్పకూలాయి. బీజింగ్‌లో మొదటి ఫ్యాక్టరీని అమ్మేశారు, చోంగ్‌చింగ్‌లోదీ అమ్మేశారు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఫ్యాక్టరీ కూడా చేతులు మారింది. ఇవన్నీ 2003 నిబంధన వల్ల జరిగాయని నేననను, మార్కెట్టే ఆ పని చేసింది. కానీ ఫలితం మాత్రం ఆ కాగితం మీద రాసుకున్నట్టే వచ్చింది.

ఇక్కడొక విషయం. యూనియన్‌ను ఒప్పించడానికి కంపెనీ తరచూ చూపించే లెక్క, ఒక కారుకు పట్టే మనిషి గంటలు. ఉల్సాన్‌లో 26 గంటల పైన, అలబామాలో 15 గంటల లోపు అని ఏళ్ల తరబడి చెప్పారు. వినగానే కొరియా కార్మికుడు బద్ధకస్తుడనిపిస్తుంది. ఫ్యాక్టరీ లోపల చూసినవాళ్లకు ఆ పోలిక నిలవదని తెలుసు. కొత్త ఫ్యాక్టరీలో డ్యాష్‌బోర్డు మొత్తం, ముందు భాగం మొత్తం మాడ్యూల్‌గా పక్క వెండర్ దగ్గర బిగించి తెస్తారు. ఆ గంటలు వెండర్ ఖాతాలో పడతాయి, కారు కంపెనీ ఖాతాలో పడవు. పెనుకొండలో కూడా అంతే. మాడ్యూల్ లైన్ మీద నిలబడే కుర్రాడు కియా కారే బిగిస్తున్నాడు, జీతం మాత్రం కియాది కాదు.

మరి ఎవరు మోశారు

కంపెనీలో ఉన్నవాళ్లను తీసేయకూడదని ఒప్పందం ఉంటే, కంపెనీ ఏం చేస్తుంది? కొత్తవాళ్లను తీసుకోవడం మానేస్తుంది. ఉల్సాన్‌లో అదే జరిగింది. 2023లో హ్యుందాయ్ ఫ్యాక్టరీ పనికి బహిరంగంగా దరఖాస్తులు పిలిచింది, పదేళ్ల తర్వాత మొదటిసారి. ఆ ఏడాది తీసుకున్నది 400 మందిని. దరఖాస్తుల వెబ్‌సైట్ మొదటి రోజే తట్టుకోలేక కుదేలైంది. ఆఫీసు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా దరఖాస్తు పెట్టారని అక్కడి పత్రికలు రాశాయి. ఆ పదేళ్లలో ఉల్సాన్‌లో పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలకు, తండ్రి చేసిన పని తనకు దొరికే దారి మూసుకుపోయింది. ఉద్యోగం పోయినవాళ్ల పేర్లు జాబితాలో కనిపిస్తాయి. రాని ఉద్యోగానికి జాబితా ఉండదు. నాకు ఈ కేసులో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఆ మధ్యకాలంలో పని నడిపిందెవరు? ఫ్యాక్టరీ లోపలే, అదే లైన్ మీద, కుడి చక్రం పర్మనెంట్ ఉద్యోగి బిగిస్తే ఎడమ చక్రం సబ్‌కాంట్రాక్టు కార్మికుడు బిగించేవాడు. జీతంలో చాలా తేడా. 2010 జూలైలో కొరియా సుప్రీంకోర్టు ఇది చట్టవిరుద్ధమని, రెండేళ్లు దాటి అలా పనిచేసినవాళ్లను కంపెనీ ఉద్యోగులుగానే చూడాలని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చిన వెంటనే అమలు కాలేదు. ఆ ఏడాది చలికాలంలో సబ్‌కాంట్రాక్టు కార్మికులు ఉల్సాన్ ఒకటో ఫ్యాక్టరీని 25 రోజులు పట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఇద్దరు కార్మికులు హైటెన్షన్ టవర్ ఎక్కి 296 రోజులు అక్కడే ఉన్నారు. చివరికి విడతలు విడతలుగా వేలమందిని పర్మనెంట్ చేశారు. బయటినుంచి కొత్త నియామకాలు లేని ఆ పదేళ్లలో ఖాళీలు నిండింది ఎక్కువగా వీళ్లతోనే. న్యాయం జరగాల్సిన తీరులోనే జరిగింది, కానీ వయసులో చిన్నవాళ్లకు తలుపు తెరుచుకోలేదు.

ఖాళీని పూడ్చడానికి గ్వాంగ్జు నగరపాలన ఇంకో ప్రయోగం చేసింది. నగరం, హ్యుందాయ్ వాటాలు పెట్టి గ్వాంగ్జు గ్లోబల్ మోటార్స్ పెట్టాయి. 2021లో క్యాస్పర్ అనే చిన్న కారుతో మొదలైంది. కొరియాలో 23 ఏళ్ల తర్వాత వచ్చిన కొత్త కార్ల ఫ్యాక్టరీ అది. షరతేమిటంటే, పెద్ద కంపెనీ జీతాల్లో సగం దగ్గర మొదలయ్యే జీతం. ఇల్లు, పిల్లల సంరక్షణ లాంటివి ప్రభుత్వం చూసుకుంటుందని మాట. హ్యుందాయ్ యూనియన్ దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. వాళ్ల భయంలో న్యాయం ఉంది. గ్వాంగ్జు కుర్రాళ్ల ఆశలోనూ న్యాయం ఉంది.

గడి మారిన రోజు

ఇక మా టేబుల్ దగ్గరికి వస్తాను. ఈ భాగం గురించి బయట పెద్దగా ఎవరూ రాయరు.

ప్రతి మోడల్‌కూ మా దగ్గర ఒక లోకలైజేషన్ షీట్ ఉంటుంది. మామూలు ఎక్సెల్ ఫైలే. వరుసకో పార్ట్ నంబరు. దాని ఎదురుగా ఏ కొరియన్ వెండర్ నుంచి వస్తోంది, బూసాన్ రేవు నుంచి కంటైనర్ ఖర్చు, సుంకం కలిపితే ఎంతకు దిగుతోంది, ఇక్కడ చేయగలిగేదెవరు, వాళ్ల ధర ఎంత, మోల్డ్ (అచ్చు) ఎవరిది, శాంపిల్ తనిఖీ ఎప్పుడు, మాస్ ప్రొడక్షన్ ఎప్పుడు, అన్నీ ఉంటాయి. ఒక గడిలో మాత్రం రెండే మాటలు: కేడీ, లేదా లోకల్. కేడీ అంటే ఓడలో వచ్చేది. అది లోకల్‌గా మారిందంటే మా పని అయినట్టు. ఖర్చు తగ్గుతుంది, రూపాయి విలువ ఊగినా ఇబ్బంది ఉండదు. ఇక్కడ ఒక మోల్డింగ్ మెషిన్ మీద మూడు షిఫ్టులకూ మనుషులు కావాలి. సోమందేపల్లి నుంచో, హిందూపురం నుంచో బస్సులో వచ్చే పిల్లలకు పని.

అదే గడి మారినప్పుడు దేగు, గ్యోంగ్జు చుట్టుపక్కల ఉండే ఏదో ఒక రెండో మెట్టు వెండర్‌కు ఎగుమతి ఆర్డరు ఆగిపోతుంది. పదులమందితో నడిచే షెడ్డు అది. అందులో పనిచేసేవాళ్లు హ్యుందాయ్ యూనియన్ సభ్యులు కారు. 2003 నిబంధన వాళ్లకు వర్తించదు. వాళ్లకు ఎవరూ నోటీసు ఇవ్వరు, సమ్మె ఉండదు, వార్త రాదు. వచ్చే నెల ఆర్డరు షీటులో ఆ పార్ట్ నంబరు ఎదురుగా సున్నా ఉంటుంది.

అయితే ఈ గడి ఒక్కదాన్ని చూసి పని కొరియా నుంచి కదిలిందనేయలేం. మోల్డ్ చూడాలి. ప్లాస్టిక్ పార్ట్ అయినా, ప్రెస్ చేసిన రేకు అయినా, దానికి ఉక్కుతో చేసిన అచ్చు ఒకటుంటుంది. క్రేన్‌తో తప్ప ఎత్తలేని బరువు. పక్కన రివెట్లు కొట్టిన చిన్న రేకు మీద కొరియన్ అక్షరాల్లో పార్ట్ నంబరు, మెటీరియల్, తయారు చేసిన షాపు పేరు చెక్కి ఉంటాయి. అక్కడ వాడుతున్న అచ్చునే ఊడదీసి ఓడెక్కిస్తే, పని నిజంగానే కదిలినట్టు. అక్కడి మెషిన్ ఖాళీ. కొత్త అచ్చు చేయించి పంపితే, అక్కడి లైన్ నడుస్తూనే ఉంటుంది, పైగా అచ్చు చేసిన షాపుకు ఇంకో పని దొరికినట్టు. పెనుకొండకు వచ్చినవాటిలో నేను ఎక్కువగా చూసింది రెండో రకం. ఇక్కడి కారు అదనపు కారు కాబట్టి అచ్చూ అదనపుదే.

దీన్నిబట్టి విదేశీ ఫ్యాక్టరీకి ఒక కాలక్రమం ఉందని అర్థమైంది. కట్టే ఏళ్లలో, మొదలైన కొత్తలో, సొంత దేశానికి పని పెరుగుతుంది. ప్రెస్ మెషిన్లు, రోబోలు, జిగ్‌లు, అచ్చులు, కంటైనర్ల నిండా పార్టులు అక్కడినుంచే రావాలి. కొరియా విడిభాగాల ఎగుమతులు 2010ల మొదట్లోనే ఏడాదికి 2,000 కోట్ల డాలర్లు దాటడానికి ఇదొక ముఖ్య కారణం. 2010లో అమల్లోకి వచ్చిన భారత్–కొరియా వాణిజ్య ఒప్పందం కూడా పార్టుల సుంకాలు తగ్గించి ఆ దారిని సాఫీ చేసింది. ఆ తర్వాత ఏటికేడు మా లాంటివాళ్లం గడులు మారుస్తూ పోతాం. పార్టుల ఎగుమతి మెల్లగా కరుగుతుంది. అసెంబ్లీ కార్మికుడికి ఇది తగలదు. ఎగుమతి పెరిగిన ఏళ్ల లెక్క చూపించి కంపెనీ, కరిగిన ఏళ్ల లెక్క చూపించి యూనియన్ వాదించుకుంటాయి. రెండూ నిజాలే, కాలాలే వేరు.

2025 సెప్టెంబర్‌లో అమెరికాలోని జార్జియాలో హ్యుందాయ్, ఎల్‌జీ కలిసి కడుతున్న బ్యాటరీ ఫ్యాక్టరీ మీద ఇమ్మిగ్రేషన్ అధికారులు దాడి చేసి 475 మందిని పట్టుకున్నారు. అందులో 300 మందికి పైగా కొరియన్లు. చాలామంది మెషిన్లు బిగించడానికి వెళ్లిన సబ్‌కాంట్రాక్టు కంపెనీల మనుషులు. బయట ఫ్యాక్టరీ కట్టేటప్పుడు సొంత దేశానికి దొరికే పని అంటే ఇదే, దాన్ని చేసేదీ వీళ్లే. సంకెళ్లు పడింది కూడా వీళ్ల చేతులకే.

2022లో మారిన అడుగు

ఇరవై ఏళ్లు యూనియన్ వాదన ఒకటే: బయట కట్టినా ఇక్కడ తగ్గించొద్దు. 2022 మే నెలలో హ్యుందాయ్ జార్జియాలో 550 కోట్ల డాలర్లతో ఎలక్ట్రిక్ కార్ల ఫ్యాక్టరీ ప్రకటించాక, ఆ వేసవి చర్చల్లో యూనియన్ అడిగింది మారింది. బయట కడుతున్నారు సరే, ఇక్కడా కట్టండి అంది. జూలైలో ఒప్పందం కుదిరింది. ఉల్సాన్‌లో ఎలక్ట్రిక్ కార్లకు కొత్త ఫ్యాక్టరీ, ఏడాదికి 2 లక్షల కార్ల సామర్థ్యం, కొరియా కరెన్సీలో సుమారు 2 లక్షల కోట్ల వోన్‌ల పెట్టుబడి. పదేళ్ల తర్వాత కొత్త నియామకాలు వచ్చింది కూడా ఆ ఒప్పందంలోంచే.

2003 కాగితం ఉన్నవాళ్లను కాపాడింది. 2022 కాగితం రాబోయేవాళ్లకు చోటు చేసింది. నేనైతే రెండోదాన్నే పెద్ద విజయం అంటాను. మొదటిది రాయించుకోవడానికి నెలన్నర సమ్మెలు కావాల్సి వచ్చాయి, రెండోది సమ్మె లేకుండానే వచ్చింది.

అది సరిపోతుందా అంటే కష్టమే. 2025 ఏప్రిల్‌లో అమెరికా దిగుమతి కార్ల మీద 25 శాతం సుంకం వేసింది, తర్వాత ఒప్పందంతో 15కి తగ్గించారు. సుంకానికి కొద్ది రోజుల ముందే హ్యుందాయ్ అమెరికాలో 2,100 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది, ఆగస్టులో దాన్ని 2,600 కోట్లకు పెంచింది. హ్యుందాయ్ ఎలక్ట్రిక్ కారు అయానిక్ 5 ఇప్పుడు జార్జియాలో తయారవుతోంది. అదే ఏడాది ఉల్సాన్ ఒకటో ఫ్యాక్టరీలో అయానిక్ 5, కోనా ఎలక్ట్రిక్ చేసే 12వ లైన్‌ను ఆర్డర్లు లేక మళ్లీ మళ్లీ కొన్ని రోజుల చొప్పున ఆపారు. ఎలక్ట్రిక్ కార్లకు గిరాకీ మందగించడం కూడా కారణమే. కానీ ఎగుమతి దారి కుదించుకుపోయింది కాబట్టి, గిరాకీ తిరిగొచ్చినా ఆ కార్లన్నీ తిరిగి ఉల్సాన్‌కు రావు. సెప్టెంబర్‌లో ఏడేళ్ల తర్వాత మొదటిసారి పాక్షిక సమ్మెలు జరిగింది ఈ వాతావరణంలోనే. పైన చెప్పిన రెండో రకం ఫ్యాక్టరీ, ఇంటి ఎగుమతిలోంచి కోసుకునే రకం, ఇప్పుడు నిజంగా వచ్చింది. మోల్డ్ భాషలో చెప్పాలంటే, ఇకమీద ఓడెక్కేవాటిలో అక్కడ వాడుతున్న అచ్చులే ఎక్కువ ఉంటాయి.

పెనుకొండ వైపు నుంచి

2017 ఏప్రిల్‌లో కియా, రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నప్పుడు 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్లు, నాలుగు వేల పర్మనెంట్ ఉద్యోగాలు, ఏడు వేల టెంపరరీ ఉద్యోగాలు అని పత్రికల్లో వచ్చింది. వర్షం మీద ఆధారపడ్డ వేరుశనగ చేలున్న చోట, గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లతో ఫ్యాక్టరీ లేచింది. 2019 జనవరిలో ట్రయల్, ఆగస్టులో సెల్టోస్, డిసెంబర్‌లో ప్రారంభోత్సవం. అదే ఏడాది రాష్ట్రం స్థానికులకు 75 శాతం ఉద్యోగాల చట్టం చేసింది. బెంగళూరు వలస పోవాల్సిన చాలామంది పిల్లలు ఇంటి దగ్గరే ఉండి జీతం తెచ్చుకుంటున్నారు. ఈ మేలు చిన్నది కాదు.

కానీ ఉల్సాన్ కథ తెలిసినవాళ్లుగా ఆ ప్రకటనలో నాలుగు, ఏడు అనే అంకెల నిష్పత్తిని చూడకుండా ఉండలేం. స్థానికుడా కాదా అని చట్టం అడిగింది. పర్మనెంటా, కాంట్రాక్టా, ట్రైనీయా అని అడగలేదు. ఎడమ చక్రం, కుడి చక్రం తేడా ఇక్కడ మొదటి రోజు నుంచే ఉంది. కార్మిక శాఖ దగ్గర వెండర్ పార్కుల్లో ట్రైనీగా ఎంతకాలం ఉంచొచ్చన్న దాని మీద గట్టి తనిఖీ ఉండాలని నేను ఎప్పటినుంచో అడుగుతున్నాను. ఉల్సాన్ కేసులో కోర్టు చెప్పిన రెండేళ్ల కొలత మనకు చట్టంగా లేకపోయినా, కొలతగా పనికొస్తుంది.

రెండో సంగతి అచ్చులది. కష్టకాలంలో ముందు మూతపడే జాబితాలో మనం ఉన్నామని తెలిసినప్పుడు, మన దగ్గర ఉన్న పనిలో ఏది కదలడం కష్టమో చూసుకోవాలి. మోల్డింగ్ మెషిన్ దగ్గర నిలబడే పని తేలిగ్గా కదులుతుంది, అచ్చు ఓడెక్కితే చాలు. అచ్చు గీసి, కోసి, రిపేరు చేయగల మనుషులు ఒక ఊళ్లో కుదురుకుంటే ఆ పని అంత తేలిగ్గా పోదు. కొరియా రెండో మెట్టు వెండర్లలో ఎగుమతి ఆర్డర్లు కరిగినా నిలబడగలిగేది సొంత టూల్‌రూమ్, అంటే అచ్చులు చేసి బాగుచేసే షాపు, ఉన్నవాళ్లే. ఇక్కడ అచ్చులో చిన్న పగులు వచ్చినా కొరియా నుంచి మనిషి దిగాలి, లేదా అచ్చును లారీ ఎక్కించి చెన్నైకో బెంగళూరుకో పంపాలి. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. దేశంలో పేరున్న టూల్‌రూమ్ శిక్షణ సంస్థల్లో అదొకటి. కార్ల డిజైన్‌లో పనిచేసే హ్యుందాయ్ ఇంజినీరింగ్ సెంటర్ కూడా హైదరాబాద్‌లోనే ఉంది. అంటే గీయగలిగే చెయ్యి, కోయగలిగే చెయ్యి రెండూ తెలుగు నేల మీదే ఉన్నాయి, ఎర్రమంచి దగ్గర మాత్రం లేవు. వెండర్ పార్కులో నాలుగైదు కంపెనీలు కలిసి వాడుకునే ఒక కామన్ టూల్‌రూమ్, దానికి పక్కనే ఐటీఐ పిల్లలకు అచ్చుల రిపేరులో రెండేళ్ల కోర్సు: జిల్లా పరిశ్రమల కేంద్రం ముందు మేం పెడుతున్న ప్రతిపాదన ఇది. భూమి అడగడం లేదు, సబ్సిడీ అడగడం లేదు. వచ్చే మోడల్ మార్పు కంటే ముందే మొదలుపెట్టాలని మాత్రం అడుగుతున్నాం. కొత్త మోడల్ అచ్చులు దిగే ఏడాదిలో నేర్చుకున్నంత మామూలు రోజుల్లో నేర్చుకోవడం కుదరదు.